దవడ పన్ను విరిగిందా? ముందు ఎంత మిగిలిందో చూడండి

సకినం కొరికితే దవడ పన్ను విరిగిందంటే తప్పు సకినానిది కాదు. లోపల ఎప్పటినుంచో పుచ్చి డొల్లయిన పన్నో, పాత సిమెంటు చుట్టూ గోడ పలచబడ్డ పన్నో ఆ రోజుకు విరగడానికి సిద్ధంగా ఉంది, అంతే. మటన్ బొక్క కొరికినా అదే లెక్క. విరిగాక అందరూ మొదట అడిగేది "ఎంతైతది?" అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది?

క్యాప్ నిలవాలంటే చిగురు అంచు పైన చుట్టూరా దాదాపు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉండాలి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎందుకు వేస్తారో ఇదీ అందుకే. పట్టా కర్రను చుట్టూ బిగించి పట్టుకుంటేనే చక్రం విచ్చుకోదు. పట్టుకోవడానికి కర్రే లేకుంటే? వేరులోకి పోస్ట్ (సన్న కడ్డీ) దించి, దాని మీద సిమెంటుతో మొద్దు కట్టి, పైన క్యాప్ తొడగొచ్చు. కానీ నమిలే బరువంతా వేరు మీదనే పడుతుంది. కొన్నాళ్ళకు పోస్టుతో సహా క్యాప్ ఊడివస్తుంది, లేదా వేరు నిలువునా చీలుతుంది. నిలువునా చీలిన దవడ పన్నును సాధారణంగా పీకాల్సిందే. ఇట్లాంటి పన్ను మీద డబ్బులు పెట్టేముందు "ఇది ఎన్నేళ్ళు నిలుస్తది?" అని డాక్టరును సూటిగా అడగండి.

పన్ను చాలావరకు మిగిలి ఉంటే తర్వాత చూడాల్సింది నరం. చల్లటి నీళ్ళకు జివ్వుమని, మింగగానే తగ్గిపోతే సిమెంటుతో సరిపోయే అవకాశం ఎక్కువ. వేడి చాయ్‌కి లేచిన నొప్పి నిమిషాల తరబడి ఆగకపోయినా, రాత్రి పడుకోగానే పోటు లేచినా నరం చెడినట్టే, రూట్ కెనాల్ (చెడిన నరం తీసి, వేరు లోపలి కాలువలు కడిగి మందు నింపడం) కావాలి. ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకుని నెలలు నెట్టుకొచ్చేవాళ్ళు చాలామంది. చచ్చిన నరంలోకి రక్తమే పోదు, గోలి ఎట్లా పోతుంది? నొప్పి తగ్గినట్టు అనిపించినా పుచ్చు తన పని తాను చేస్తూనే ఉంటుంది. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా మాత్రం అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానకు వెళ్ళాలి.

పన్ను రంగు సిమెంటుకు పెద్ద శత్రువు ఉమ్మి. తడి తగిలితే అది పట్టదు, అంచున మళ్ళీ పుచ్చు మొదలవ్వొచ్చు. మామూలుగా 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ ఒక్కో పొరకు లైటు పట్టాలి. ఒక్కసారే కుక్కి పది సెకన్లు లైటు పెడితే అడుగున మెత్తగానే ఉండిపోతుంది. ఇంటికొచ్చాక నమిలితే ఆ పన్నే ముందు తగులుతోందంటే సిమెంటు ఎత్తుగా ఉన్నట్టు. "అదే సర్దుకుంటది" అని ఊరుకోకండి. మరుసటి రోజే వెళ్తే రంగు కాగితం కొరికించి, ఐదు నిమిషాల్లో అరగదీస్తారు.

రూట్ కెనాల్‌లో ఎక్కువగా తప్పేది లెక్క. కింది పెద్ద దవడ పన్నుకు సాధారణంగా 3 కాలువలు, కొందరికి 4. పైదానికి నాలుగోది తరచుగా ఉంటుంది, కానీ సన్నగా దాక్కుంటుంది. ఒక్కటి వదిలేసినా నెలల తర్వాత చిగురు మీద చీము పొక్కు లేవొచ్చు. పని అయ్యాక ఎక్స్‌రే చూపించమనండి: నింపిన మందు వేరు కొనకు 2 మిల్లీమీటర్లలోపు ఆగాలి, కొన దాటి బయటికి పోకూడదు.

తర్వాత జనం చేసే అసలు నష్టం ఒకటుంది. నొప్పి పోయింది కదా అని క్యాప్ వాయిదా వేస్తారు. పుచ్చుకు కొంత, లోపలికి దారి చేయడానికి కొంత పోయాక దవడ పన్నుకు మిగిలేది నాలుగు పలచటి గోడలే. పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు వారాల్లోనే కారడం మొదలుపెడుతుంది. క్యాప్ వేయనిదే ఆ పన్నుతో గట్టివి నమలొద్దు. ఏ క్యాప్ అంటే, వెనక కనపడని పన్నుకు లోహపు క్యాప్ మంచి ఎంపికే: పన్నును తక్కువ అరగదీస్తారు, అది పగలదు. లోహం మీద పింగాణీ పూసినదానికి పింగాణీ పెచ్చు లేవొచ్చు, ఏళ్ళు గడిస్తే చిగురు దగ్గర నల్లగీత కనపడొచ్చు. జిర్కోనియా (ఒక రకం పింగాణీ) గట్టిది, పన్ను రంగులోనే ఉంటుంది, కాకపోతే ఖరీదు.

పీకక తప్పకపోతే ఖాళీని ఏళ్ళ తరబడి వదలొద్దు. పక్క పన్ను అందులోకి వాలుతుంది, ఎదుటిది కిందికో పైకో జరుగుతుంది, ఎముక కరుగుతుంది. బ్రిడ్జి (పక్క పండ్ల మీద ఆనించి కట్టే పన్ను) రెండు మూడు వారాల పని, కానీ అటు ఇటు ఉన్న రెండు పండ్లను అరగదీయాలి. అవి చక్కగా ఉంటే ఆ అరగదీత నష్టమే. అవీ ఎట్లాగూ క్యాపుకు వచ్చినవైతే బ్రిడ్జే సరైనది. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి మర దించి దాని మీద పన్ను కట్టడం, అది పక్కవాటిని ముట్టదు. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు మనిషికి మొదటిసారి పెట్టిన టైటానియం మర పద్ధతే నేటికీ దానికి మూలం. మర చుట్టూ ఎముక పట్టడానికి కింది దవడలో సుమారు 3 నెలలు, పైన 4 నుంచి 6. కింది దవడ నరానికి మర కనీసం 2 మిల్లీమీటర్ల దూరం ఉండాలి కాబట్టి ముందు సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) చేయించమంటారు. అది అనవసర ఖర్చు కాదు. షుగరు అదుపులో లేనివాళ్ళు, బీడీలు, జర్దా వదలనివాళ్ళు ముందు వాటి సంగతి చూసుకోవాలి. తీసి పెట్టుకునే కట్టుడు పండ్లు చౌక, కానీ రాత్రి తీసి నీళ్ళలో వేయాల్సిందే.

ఖర్చు భయపెడితే ఖమ్మం, నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీలు, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. నాలుగైదు సార్లు తిరగాలి, వరంగల్ నుంచి బస్సు ఖర్చు కూడా లెక్కేసుకోండి.

క్యాప్ ఊడిందా? కడిగి డబ్బాలో వేసి దాచి, వారంలోపు తీసుకెళ్ళండి. ఫెవిక్విక్‌తో అతికించుకోవద్దు. క్యాప్ సరిగ్గా కూర్చోదు, చిగురు కాలుతుంది, తర్వాత దాన్ని పీకబోతే మిగిలిన పన్ను ముక్క కూడా దాంతోపాటే రావొచ్చు.