సోంపు నీళ్లతో ఎంత తగ్గింది?

రిపోర్టులన్నీ నార్మల్. ఈ జబ్బులో నన్ను ఎక్కువగా విసిగించింది అదే. రక్తపరీక్ష, మలపరీక్ష, కొలనోస్కోపీ అన్నీ బాగున్నాయి, కడుపు ఒక్కటే బాగాలేదు. మెలిపెట్టే నొప్పి వచ్చేది, మోషన్ అయ్యాక కాస్త తగ్గేది. కొన్నాళ్లు మలబద్ధకం, ఉన్నట్టుండి విరేచనాలు. సాయంత్రానికి పొట్ట ఉబ్బి బిగుసుకుపోయేది. ఎక్కడికెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకునేదాన్ని.

డాక్టర్ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అన్నారు. పేగుల్లో పుండూ వాపూ లేవట. వాటి కదలిక గాడి తప్పింది, పైగా మామూలు గ్యాస్ కూడా నాకు నొప్పిగా తెలుస్తోందట. నిజమే, టెన్షన్ ఉన్న రోజు కడుపు మరీ మొరాయించేది.

ఆయనకు చెప్పే సోంపు మొదలుపెట్టాను. చెంచాడు గింజలు కచ్చాపచ్చాగా దంచి, వేడినీళ్లు పోసి, మూతపెట్టి కాసేపు ఉంచాలి. మూత తప్పనిసరి, లేకపోతే పనిచేసే నూనె ఆవిరితో పోతుంది. ఆ నూనెలో ముఖ్యమైనది అనెథాల్. పేగు గోడల్లో బిగుసుకున్న కండరాన్ని అది సడలిస్తుందంటారు. మొదట్లో ఏ తేడా తెలియలేదు. తర్వాత మెలిపెట్టడం తగ్గింది, భోజనం తర్వాత పొట్ట తేలికపడింది. మోషన్ మాత్రం దారికి రాలేదు. ఏం తిన్న రోజు ఇబ్బందో రాసిపెట్టుకుని వాటిని తగ్గించాకే అది కుదుటపడింది.

బాగా మరిగించి చిక్కగా తాగితే ఉబ్బరం తిరగబెడుతుంది. అలా చేస్తే సోంపులోని ఫ్రక్టాన్లు, అంటే మన పేగు అరిగించుకోలేని ఒక రకం పిండిపదార్థాలు, నీళ్లలోకి ఎక్కువగా దిగుతాయి, పేగులోని బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. అందుకే పల్చగానే తాగుతున్నాను.

ఇందులో సోంపు గొప్పతనం ఎంత, నా నమ్మకం ఎంత? 2010లో హార్వర్డ్ పరిశోధకులు 80 మంది ఐబీఎస్ రోగులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి, వీటిలో మందు లేదని ముందే చెప్పి, 3 వారాలు మాత్రలిచ్చారు. వాళ్లలో 59 శాతం మంది ఉపశమనం కలిగిందన్నారు. మాత్రలు ఇవ్వని వాళ్లలో అలా అన్నది 35 శాతమే. ఆ లెక్క చదివాక సోంపును మరీ ఆకాశానికెత్తడం మానేశాను, తాగడం మాత్రం మానలేదు.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నిద్రలోంచి లేపేసే విరేచనాలు ఉన్నా ముందు పరీక్షలు చేయించుకోవాల్సిందే. గర్భిణులు కూడా డాక్టర్‌ని అడగకుండా ఈ నీళ్లు రోజూ తాగకూడదు.

ఇప్పటికీ అప్పుడప్పుడు నొప్పి గట్టిగా వస్తుంది. ఆ రోజున సోంపు చాలదు, డాక్టర్ రాసిన మాత్ర వేసుకుంటాను.