స్క్రోల్ సా మీద చిన్న ముక్కలు కోసేటప్పుడు

రూపాయి బిళ్లంత చెక్క ముక్కను స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) మీద కోస్తుంటే అసలు గండం బ్లేడు పైకి లేచేటప్పుడే. పళ్లు ముక్కను పట్టి ఎగరేస్తాయి, అది టేబుల్ మీద టకటకా కొట్టుకుంటుంది, కంగారులో వేలు బ్లేడు మీదికి పోతుంది.

కాబట్టి చిన్న ముక్కను చిన్నదిగా ఉండగా కోయకండి. బొమ్మ బండి చక్రమైనా, ఏనుగు చెవైనా అరచేతికంటే పెద్ద పలక మీదే గీసుకోండి. లోపలి రంధ్రాలు ముందు, బయటి గీత చివర. మిగిలిన పలకే మీకు పిడి.

చేతిలో ఉన్నదే తుంపు ముక్కయితే, 15 సెం.మీ. చదరపు 3 మి.మీ. ప్లైవుడ్ మీద డబుల్ సైడెడ్ టేపుతో (రెండు ముఖాలకూ జిగురుండే టేపు) అతికించి రెండూ కలిపి కోయండి. రంపప్పొట్టు తుడవకపోతే టేపు పట్టదు, మధ్యలో ఊడుతుంది.

టేబుల్ కన్నంలోంచి ముక్కలు జారిపోతుంటే, బ్లేడు పట్టేంత చిల్లి చేసిన సన్‌మైకా ముక్క అంటించండి. పేకముక్క కూడా పనిచేస్తుంది, కాకపోతే తొందరగా చిరుగుతుంది.

బ్లేడు పళ్లు కిందికి చూడాలి. 6 మి.మీ. మందం చెక్కకు 2 నంబరు బ్లేడు చాలు. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు చెక్కలో ఉండాలి. బ్లేడు వదులైతే గీత తప్పుతుంది. అప్పుడు మనం ఇంకా నెడతాం, అది విరుగుతుంది.

వేళ్లు బ్లేడుకు ఎదురుగా కాక పక్కల ఉంచండి. మరీ దగ్గరైతే పెన్సిల్ వెనకాల రబ్బరుతో అదమండి. గ్లవ్స్ వద్దు. తెగిన ముక్కను స్విచ్ ఆపాకే తీయండి.