చివరి అధ్యాయం రాశాక మిగిలిన పని

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న పిల్లల కోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే పుస్తకం రాశాను. తిరుపతిలో సాయంత్రాలు ట్యూషన్ చెబుతుంటాను. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే పిల్లలు నోటితో చెబితే లాజిక్ టక్కున పట్టుకుంటారు. అదే ఇంగ్లీషు పుస్తకంలో కనిపిస్తే బిగుసుకుపోతారు. అధ్యాయాలు రాయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, క్లాసులో రోజూ చెప్పేదే కాగితం మీదికి వచ్చింది. రాతప్రతిని ముగించడం మాత్రం వేరే పని. అచ్చయిన ప్రతి ప్రోగ్రామూ చదివేవాళ్ళ కంప్యూటర్‌లో ఉన్నదున్నట్టు నడవాలి. ఒక్కటి నడవకపోయినా, కొత్తగా నేర్చుకునే పిల్ల తప్పు తనదే అనుకుని పుస్తకం మూసేస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది వెర్షన్. నా దగ్గర కొత్త పైథానే ఉంది. పిల్లల దగ్గర ఏముందని ఆరా తీస్తే కొన్ని ఇళ్ళలో, కొన్ని ల్యాబుల్లో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. దాని మీద ఆఖరుగా ఎక్కేది పైథాన్ 3.8, 3.9 నుంచి ఎక్కదు. 2021లో 3.10తో వచ్చిన మ్యాచ్-కేస్ అనే కొత్త వాక్యరూపం నాకు చాలా ఇష్టం. అయినా పుస్తకంలోంచి తీసేశాను. 3.8కి 2024 అక్టోబరుతో అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, వీలున్నవాళ్ళు కొత్తదే వేసుకోవాలని ముందుమాటలో గట్టిగా చెప్పాను. ప్రోగ్రాములు మాత్రం రెండింటిలోనూ నడిచేవే ఉంచాను. ఎర్రర్ మెసేజీల దగ్గరే కాస్త చిక్కు వచ్చింది. షరతు పెట్టే ఇఫ్ వరస చివర కోలన్ మర్చిపోతే 3.8 'ఇన్‌వాలిడ్ సింటాక్స్' అని ఊరుకుంటుంది. 3.10 నుంచైతే అక్కడ కోలన్ ఉండాలని నేరుగా చెబుతుంది. రెండు మెసేజీలూ పక్కపక్కనే పెట్టాను.

ప్రోగ్రాములన్నీ విడివిడి ఫైళ్ళలో ఉంచుకున్నాను. ఒక చిన్న స్క్రిప్టు వాటిని రెండు వెర్షన్లలోనూ నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ను తెచ్చి రాతప్రతిలో చేరుస్తుంది. చేత్తో టైపు చేసిన అవుట్‌పుట్ పుస్తకంలో ఒక్కటీ ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. ప్రోగ్రామింగ్ పుస్తకం రాయాలనుకునేవాళ్ళెవరైనా ఈ ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలంటాను.

ఎక్కువ కాలం పట్టింది స్ట్రింగుల, అంటే అక్షరాల వరసల, అధ్యాయానికి. ఇంగ్లీషులో ఈ పాఠం సాఫీగా సాగిపోతుంది. అక్కడ కంటికి కనిపించే అక్షరాన్నే కంప్యూటరూ ఒక అక్షరంగా లెక్కపెడుతుంది. 'తిరుపతి'లో మనకు కనిపించేవి నాలుగు అక్షరాలు, పొడవు చెప్పే లెన్‌తో అడిగితే పైథాన్ 7 అంటుంది. త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు విడిగా నంబర్లున్నాయి మరి. 'చిత్తూరు'కి 8 వస్తుంది, ఎందుకంటే ఒత్తు దగ్గర పొల్లు ఒకటి, కింది త ఒకటి లెక్కలోకి వస్తాయి. ఇక 'తిరుపతి'ని తిరగేయమంటే 'తిపరుతి' రావాలి కదా, రాదు. చివరి గుడి ముందుకొచ్చి, ఆనుకోడానికి హల్లు లేక చుక్కల సున్నా మీద నిలబడుతుంది. దాని వెనకాల 'తపురిత' అని వస్తుంది.

ఇదంతా ఎందుకు, ఉదాహరణలన్నీ ఇంగ్లీషు పేర్లతో ఇచ్చెయ్ అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకు మనసొప్పలేదు. స్ట్రింగుల పాఠం చదివిన పిల్ల ముందుగా టైపు చేసేది తన పేరు, తర్వాత తన ఊరి పేరు. అప్పుడు వచ్చే జవాబుకు కారణం తెలుగు పుస్తకంలో దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకని యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల పట్టిక ఇచ్చాను. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఒక్కో గుర్తు పేరునీ అడిగి చూసే ప్రోగ్రాము రాశాను. గుర్తుల్ని వాటి హల్లులతో కలిపి లెక్కపెట్టడం అభ్యాసంగా ఇచ్చాను. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

తర్వాత యూనివర్సిటీ దగ్గర స్పైరల్ బైండింగ్ చేయించి కొందరు పిల్లలకు చదవమని ఇచ్చాను. క్యూ అనే డేటా స్ట్రక్చర్ దగ్గర ఎవరికీ సందేహమే రాలేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో కూర్చోనివాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు? కూడికలు, తీసివేతల పాఠంలో మామిడికాయల వేబ్రిడ్జి చీటీ ఉదాహరణ ఉంది. లోడుతో బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేసి టన్ను ధరతో హెచ్చవేయడం. బంగారుపాళ్యం నుంచి వచ్చే అమ్మాయి అది చదివి, "తరుగు తియ్యకుండా మాకెవురు లెక్క కడతారు సార్?" అంది. ఆ మాటతో ప్రోగ్రాములోకి తరుగు ఉంటే తీసేసే ఒక ఇఫ్ వచ్చి చేరింది, పాఠానికి ప్రాణం వచ్చింది. బరువు తనే టైపు చేసుకునేలా మార్చబోతే ఎర్రర్ వచ్చిందని కూడా ఆమే చెప్పింది. టైపు చేసినదాన్ని తీసుకునే ఇన్‌పుట్ ఎప్పుడూ టెక్స్టే ఇస్తుంది, దాన్ని సంఖ్యగా మార్చాకే లెక్క కుదురుతుంది. దాంతో అలా మార్చే ఇంట్, ఫ్లోట్‌ల పాఠాన్ని ముందుకు జరిపాను.

అచ్చుకు సిద్ధం చేయడం మరో టెన్షన్. డీటీపీ చేసేవాళ్ళు చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పనిచేస్తారు. కథలకి, కవితలకి దాంతో ఇబ్బంది లేదు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలుంటాయి. పేరా మొత్తానికి ఫాంటు మారిస్తే ప్రోగ్రామంతా అర్థంలేని తెలుగైపోతుంది. వర్డ్‌లో పెడితే కొటేషన్ గుర్తులు వంకర తిరుగుతాయి, వాటిని పైథాన్ ఒప్పుకోదు. "ఓపెన్ ఫైల్ ఇచ్చేయండి సార్, మేం సెట్ చేసుకుంటాం" అని ప్రెస్సులో అన్నా ఇవ్వలేదు. పేజీలు కూర్చే పాండాక్, జీటెక్ అనే సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని పీడీఎఫ్ నేనే తయారుచేశాను. కోడ్‌కు పెట్టిన ఫాంటులో తెలుగు అక్షరాలు లేక మొదట్లో వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు వచ్చేవి, తెలుగుకు వేరే ఫాంటు చెప్పాక సర్దుకుంది. పైథాన్ స్టైల్ గైడు వరసకు 79 అక్షరాల దాకా రాయమంటుంది కానీ డెమ్మీ సైజు పేజీలో అంత పట్టదు. పొడుగు వరసలన్నీ 60 లోపుకు కుదించి, ప్రోగ్రాములన్నిటినీ మళ్ళీ నడిపాను.

ఫైళ్ళు, డేటాబేసుల అధ్యాయాలు రెండో పుస్తకానికి పక్కన పెట్టాను. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపి, ముందు లూపులు (ఒకే పనిని పదేపదే చేయించేవి), స్ట్రింగులు ఈ రెండు అధ్యాయాలకే ప్రూఫ్ వేసి ఇవ్వమన్నాను. ఏ వరస లూప్ లోపలిదో పైథాన్‌కు చెప్పేవి ముందున్న ఖాళీలే, అవి కాగితం మీద తగ్గకూడదు. స్కేలు పెట్టి కొలిచాను, నాలుగు ఖాళీలూ అలాగే ఉన్నాయి. చుక్కల సున్నా మీద గుడి కూడా స్పష్టంగా పడింది. మిగతా పుస్తకం వేసుకోమన్నాను.