రంగు మానేసిన తల: నా నోటుపుస్తకం నుంచి

ముందు లెక్క చెబుతాను. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కొందరికి ఒకటింపావు దాకా. నడుము దాటిన జడలో రంగంతా పోవాలంటే ఐదారేళ్లు పడుతుంది. భుజాల దాకా కత్తిరించి మొదలుపెడితే రెండున్నరేళ్లు. పొట్టి క్రాపు చేయించుకుంటే నాలుగైదు నెలల్లో పని అయిపోతుంది. నేను మధ్య దారి ఎంచుకున్నాను. నాకు 58 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కొప్పు పెట్టుకునేంత జుట్టు మిగలాలన్నదే నా షరతు. అది నిలవాలంటే జుట్టు కనీసం భుజం తాకాలి.

నలభై దాటినప్పటి నుంచి మూడు వారాలకోసారి రంగు వేసుకుంటూ వచ్చాను. ఆమధ్య చెవుల వెనక దురద మొదలైంది. రంగుల్లో ఉండే పీపీడీ, అంటే పారాఫినైలిన్‌డయమిన్, పడటం లేదని చర్మ డాక్టరు చెప్పారు. ఏళ్ల తరబడి పడినా, ఒకరోజు హఠాత్తుగా పడకుండా పోవచ్చట. రంగు మానని వాళ్లు ప్రతిసారీ మోచేతి మడతలోనో చెవి వెనకో చుక్క రాసుకుని 48 గంటలు ఆగి చూసుకోవాలి. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడి ప్యాకెట్ల మీద కూడా చిన్న అక్షరాలు చదవండి. పీపీడీ వాటిలోనూ ఉండొచ్చు.

నిజం చెప్పాలంటే దురద ఒక సాకు. పెళ్లిపిలుపు రాగానే ఏ చీర కట్టుకోవాలా అని కాకుండా, రంగు ఏ రోజు వేసుకుంటే ఆ రోజుకు పాపిట కనపడదా అని లెక్కలు వేసుకోవడం విసుగు పుట్టించింది.

గోరింటాకు పెట్టుకోవచ్చుగా అని అందరూ అన్నారు. అందులోని లాసోన్ అనే రంగు వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టుకుంటుంది. నల్ల జుట్టు మీద అంతగా తెలియదు కానీ తెల్ల జుట్టు నారింజ రంగులోకి తిరుగుతుంది. దాన్ని నల్లబరచాలంటే మీద నీలిమందు ఆకుపొడి పెట్టాలి. రంగు గొడవ వద్దనుకుని మానేసినదాన్ని, మళ్లీ రెండు రంగులు ఎందుకు?

మొదటి వానాకాలం

అన్నిటికన్నా కష్టమైన కాలం ఇదే. పాపిట దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల తెలుపు, దాని కింద కటిక నలుపు. తలకు రోడ్డు మధ్య గీత గీసినట్టు ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో నేను వెళ్లే పార్లరమ్మాయి ప్రతిసారీ అదే పాట. "ఆంటీ, కలర్ వేసేయనా? పదేళ్లు తగ్గిపోతారు." పదేళ్లు తగ్గితే నా సర్వీసు పదేళ్లు పెరుగుతుందా అంటే నవ్వేసింది. ఆ పిల్లే తర్వాత మంచి కిటుకు చెప్పింది. పాపిట తిన్నగా తీయకుండా దువ్వెన కొసతో వంకరటింకరగా తీస్తే గీత విరిగిపోయి తెలుపూ నలుపూ కలిసిపోతాయి. ఏళ్ల తరబడి ఒకేచోట పాపిట తీస్తే అక్కడ జుట్టు పలచబడుతుంది కూడా. బహిష్టులు ఆగిన వయసులో ఇది ఇంకా తెలుస్తుంది. వారానికోసారి పాపిట చోటు మార్చడం అలవాటు చేసుకున్నాను.

జనం మాటలు కూడా రాసి పెట్టుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం "టీచర్, మీరు మా అమ్మమ్మలా ఉన్నారు" అంది. వాళ్ల అమ్మమ్మ నాకంటే చిన్నదేమో, ఎవరికి తెలుసు. గుచ్చుకున్నది మా తోడికోడలి మాట. "ఏంటక్కా, ఒంట్లో బాగుండట్లేదా?"

ఆ రాత్రి అద్దంలో నన్ను నేను బాగా చూసుకున్నాను. తెలుపు నన్ను జబ్బుమనిషిలా చూపించడం లేదు. నూనె పెట్టి తలకు అంటించి, సన్నగా అల్లుకున్న జడే అలా చూపిస్తోంది. రంగున్నప్పుడు ఎలా దువ్వినా నడిచింది, ఇప్పుడు నడవదు. అప్పటినుంచి నా దృష్టి రంగు మీద నుంచి ముడి మీదకు మళ్లింది.

నీళ్ల గొడవ

మా అపార్ట్‌మెంటులో వచ్చేది బోరు నీరు. సబ్బు నురగ రాని నీరంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. అవి వెంట్రుకకు పట్టి తెల్ల జుట్టును పసుపు పచ్చగా, గరుకుగా చేస్తాయి. నాకు పనికొచ్చినవి ఇవి. తలస్నానం బోరు నీళ్లతోనే చేసినా, చివరి రెండు చెంబులూ తాగేనీళ్ల క్యాను నుంచి పోసుకుంటాను. నెలకు రెండుసార్లు ఊదారంగు షాంపూ మూడు నిమిషాలు ఉంచి కడుగుతాను, ఊదా పసుపును కొట్టేస్తుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే లేత ఊదా ఛాయ మిగిలిపోతుంది, జాగ్రత్త. కుంకుడుకాయలు నాకు బాగానే ఉన్నాయి, ఈ పొడవుకు ఎనిమిదో పదో చాలు. శీకాయ నా తెల్ల వెంట్రుకలకు లేత గోధుమ ఛాయ పట్టించింది, మానేశాను. పచ్చరంగు కలిపిన తలనూనెలు వద్దు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకే రకం, స్నానానికి గంట ముందు కొసలకు రాస్తే చాలు.

కొప్పు

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఉన్న కాస్త జుట్టుతో పెట్టడంలోనే పనితనం ఉందని నాకు ఈ ఏడాది తెలిసింది. అమరావతి మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వాళ్లు స్తూపం కొలతలు రాసుకుంటుంటే, నేను శిల్పాల్లోని ఆడవాళ్ల తలలు చూస్తూ తిరిగాను. సుమారు రెండు వేల ఏళ్ల నాటి పలకలు, ఒక్కొక్కరి తల ఒక్కో తీరు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న అమరావతి పలకల ఫొటోలు కూడా తెచ్చుకుని చూశాను. మెడ మీదకు దిగిన ముడులు నాకు నచ్చాయి. నడినెత్తి కొప్పు నా ముఖాన్ని లాగేసినట్టు చేస్తుంది. కింద కొప్పు అలా చేయదు.

చేసే పద్ధతి ఇదీ. తలస్నానం చేసిన రోజు వద్దు, జారిపోతుంది. మర్నాడు బాగుంటుంది. జుట్టంతా మెడ దగ్గర కూర్చి, గుడ్డ చుట్టిన రబ్బరుతో వదులుగా కట్టాలి. ఉత్త రబ్బరు బ్యాండు వెంట్రుకల్ని తెంపుతుంది. ఒకే వైపుకు మెలితిప్పుతూ మొదలు చుట్టూ తిప్పి, కొసను కిందకు దోపాలి. ఇక అసలు కీలకం యూ పిన్ను. దాన్ని నేరుగా గుచ్చితే పది నిమిషాల్లో ఊడి వస్తుంది. ముందు పిన్ను మొనల్ని బయటివైపుకు పెట్టి కొప్పు అంచులోని నాలుగు వెంట్రుకల్ని పట్టుకోవాలి. తర్వాత పిన్నును తిరగేసి తల వైపుకు, కొప్పు మధ్యలోకి నెట్టాలి. అప్పుడు తాళం పడుతుంది. పైనా కిందా కుడీ ఎడమా నాలుగు పిన్నులు పెడితే ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పినా కదలదు. జుట్టు మరీ పలచనైతే పాత సాక్సు మడమ దగ్గర కత్తిరించి రింగులా చుట్టి లోపల పెట్టుకోండి, బూడిద రంగు సాక్సు అయితే కనపడదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఇప్పటికి తెలుపు సుమారు 20 సెంటీమీటర్లు వచ్చింది. మిగిలిన నల్ల కొసలు ముడి లోపలికి పోతాయి కాబట్టి బయటకు తెలుపే కనిపిస్తుంది.

పూల సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. తెల్ల కొప్పులో మల్లెలు కనపడవు, వాసన మాత్రం వస్తుంది. కనకాంబరాలు, మరువం పెడితే కొప్పు వెలిగిపోతుంది. చీరల్లోనూ అంతే, లేత రంగులు నన్ను వెలవెలబోయేలా చేస్తున్నాయి. ముదురు నీలం మంగళగిరి చీరలో కొప్పుతో వెళితే అదే తోడికోడలు "చీర ఎక్కడ కొన్నావక్కా?" అని అడిగింది. ఒంట్లో సంగతి ఈసారి అడగలేదు.

మా తాతమ్మకు పాతికేళ్లు నిండకుండానే తల గొరిగించారని అమ్మ చెప్పేది. భర్త పోయాక ఆమె జుట్టు గురించి ఆమెను ఎవరూ అడగలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఈ గుంటూరులోనే ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. తాతమ్మకు అది అందలేదు, తాతమ్మ ఇంటి నుంచి చదువుకున్న మొదటి ఆడమనిషి మా అమ్మ. నేను రంగు మానేశానని ఇంకెవరికీ మానమని చెప్పను. మా ఆయన ఇప్పటికీ ఆదివారం ఆదివారం మీసానికి రంగు వేసుకుంటారు. బ్రష్ కడిగి పెట్టమని మాత్రమే అడుగుతాను.

ఇక ముందు

ఫాల్గుణంలో మేనకోడలి పెళ్లి. ఆ రోజుకు జడ వేసుకోవాలని ఉంది, సవరం కావాలి. పాత నల్ల సవరం ఇప్పుడు పనికిరాదు. తిరుమలలో మనం ఇచ్చే తలనీలాలను టీటీడీ రకాలుగా విడదీసి వేలం వేస్తుంది, తెల్ల వెంట్రుకలు అందులో ఒక విడి రకం. కాబట్టి తెల్ల సవరం దొరకడం కష్టం కాదు. కానీ నాది పూర్తి తెలుపు కాదు, చెంపల దగ్గర తెలుపు, మెడ దగ్గర ఇంకా సగం నలుపు. రెండు రకాలూ కలిపి కట్టాలంటే నమూనా కావాలని సవరాలు కట్టే ఆవిడ మెడ దగ్గర నుంచి సన్నపాయ ఒకటి కత్తిరించుకుంది. మూడు పాయల సవరం, జానెడున్నర పొడవు, మాఘ పౌర్ణమి నాటికి ఇస్తానంది. అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.