రాత్రి జాములు కాచేవారి క్రిస్మస్

"ఆ దేశములో కొందరు గొఱ్ఱెల కాపరులు పొలములో ఉండి రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా..." (లూకా 2:8)

ఈ వచనం దగ్గర మామూలుగా ఎవరం ఆగం. దూత ఎప్పుడొస్తాడా, పరలోక సైన్యం ఎప్పుడు స్తుతిస్తుందా అని మనసు ముందుకు పోతుంది. క్రిస్మస్ రాత్రి డ్యూటీ పడిన నర్సు, అంబులెన్స్ డ్రైవరు, సబ్‌స్టేషన్ ఆపరేటరు, లోకో పైలట్, పోలీసు, అగ్నిమాపక సిబ్బంది, నీళ్ల పంపుహౌస్‌లో కూర్చున్న మనిషి మాత్రం ఇక్కడ కాసేపు నిలబడాలి. వాళ్ల కోసమే రాసినట్టుంటుంది.

లూకా గ్రీకులో వాడిన మాటను ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే "రాత్రి జాములను కాస్తూ ఉన్నారు" అని వస్తుంది. జాములు, బహువచనం. వంతులు వేసుకుని కాచేవాళ్ల భాష అది. రోమా లెక్కలో రాత్రికి నాలుగు జాములు. మార్కు 13:35లో ఆ నాలుగూ వరసగా కనిపిస్తాయి: ప్రొద్దుగుంకే వేళ, అర్ధరాత్రి, కోడి కూసే వేళ, తెల్లవారే వేళ. మన జాము కూడా మూడు గంటలే, రోజుకు ఎనిమిది. తెల్లవారుజాము అని ఇప్పటికీ అంటున్నాం కదా, ఆ జామే. రక్షకుడు పుట్టాడన్న కబురు లూకా చెప్పిన ప్రకారం మొదట చేరింది నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లకు. అదీ వాళ్లు పనిచేస్తున్న చోటికే వచ్చింది. ఈ వేళప్పుడు మందిరంలో ఉండక పొలంలో ఎందుకున్నారని దూత వాళ్లను అడగలేదు.

అయినా డ్యూటీ పడినవాళ్ల మనసులో ఒక ముల్లు ఉంటుంది. పండుగ ఆరాధనకు పోలేకపోయాను, తప్పు చేశానా అని. దీనికి జవాబు యేసు నోటనే ఉంది. మత్తయి 12:5లో ఆయన యాజకుల సంగతి ఎత్తుతాడు: విశ్రాంతిదినాన దేవాలయంలో పనిచేసి కూడా వాళ్లు నిర్దోషులే. ఆ దేవాలయంలోనూ రాత్రి కాపలా ఉండేది. యూదుల పాత ధర్మ నియమాల సంకలనం మిష్నా లెక్క చెబుతుంది: యాజకులు 3 చోట్ల, లేవీయులు 21 చోట్ల. తనిఖీకి వచ్చిన అధికారికి కావలివాడు నిద్రపోతూ దొరికితే దెబ్బలు తప్పవు, వాడి బట్ట తగలబెట్టే అధికారం కూడా ఉండేది. "యెహోవా మందిరములో రాత్రి నిలుచుండువారలారా" అని 134వ కీర్తన పిలుస్తున్నది అలాంటివాళ్లను. వాళ్లు నిలబడి ఉండటమే సేవ.

కతోలిక సంఘం ఈ మాటను నియమంగానే రాసిపెట్టింది. కుటుంబ అవసరం గానీ సమాజానికి ముఖ్యమైన సేవ గానీ ఉంటే విశ్రాంతి నియమం నుంచి న్యాయమైన మినహాయింపు ఉందని ఆ సంఘం బోధనల గ్రంథమైన సత్యోపదేశం 2185వ పేరా చెబుతుంది. ఇంకో చిన్న నియమం చాలామంది నర్సులకు తెలియదు: సత్ప్రసాదానికి (పూజలో స్వీకరించే అప్పానికి) ముందు గంటసేపు ఉపవాసం వృద్ధులకూ రోగులకూ తప్పనిసరి కాదు, వాళ్లను చూసుకునేవాళ్లకు కూడా కాదు. షిఫ్టు మధ్యలో రెండు ముద్దలు తిని పరుగెత్తుకుని వచ్చినా నిస్సంకోచంగా స్వీకరించవచ్చు.

ఏ ఆరాధనకు వెళ్లాలన్నదానికి కూడా దారులున్నాయి. కతోలిక సంప్రదాయంలో క్రిస్మస్‌కు నాలుగు పూజలు, నాలుగు వేర్వేరు సువిశేష పఠనాలు. 24 సాయంత్రం జాగరణ పూజలో మత్తయి 1వ అధ్యాయం, అర్ధరాత్రి లూకా 2:1-14, తెల్లవారుజామున లూకా 2:15-20, పగలు యోహాను 1:1-18. ఈ మూడోదానికి కాపరుల పూజ అని పేరు. రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు ఇంతకంటే తగిన పూజ లేదు. 24 రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లు సాయంత్రం పూజకు వెళ్లి డ్యూటీ ఎక్కవచ్చు, పండుగ పూజ నెరవేరినట్టే. మిగతా సంఘాల్లో కూడా 24 సాయంత్రం ఆరాధన ఉంటే అదే దారి. ఏ పూటా కుదరకపోతే దిగులు పడొద్దు. జనవరి 1 వరకు ఎనిమిది రోజులనూ సంఘం ఒకే పండుగగా జరుపుకుంటుంది, అది కాక క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా పన్నెండు రోజుల సంప్రదాయం ఉండనే ఉంది. 28న ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన చేసుకుని భోంచేస్తే అది కూడా క్రిస్మసే.

ఇక అసలు పని. కాపలా సేవే అయితే, దాన్ని సరిగ్గా చేయడం కూడా భక్తిలో భాగమే. కాపలా ఎక్కువగా తప్పేది జాము మారే చోట. న్యాయాధిపతులు 7:19 చూడండి. నడిజాము మొదలై కొత్త కావలివాళ్లు అప్పుడే నిలబడిన క్షణం చూసి గిద్యోను మిద్యానీయుల దండు మీద పడ్డాడు. పాతవాళ్లు నిద్రకు పోయి ఉంటారు, కొత్తవాళ్ల కళ్లు ఇంకా చీకటికి అలవాటు పడి ఉండవు. ఆసుపత్రి వార్డులోనూ కంట్రోల్ రూమ్‌లోనూ ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఆ పావుగంటలోనే.

పండుగ రాత్రి అది రెట్టింపవుతుంది. దిగేవాడికి ఇంటికి పోయే తొందర. ఎక్కేవాడు ఆ వార్డుకు కొత్త కావచ్చు, సెలవుపై వెళ్లినవాళ్ల బదులు వచ్చి ఉండవచ్చు. సబ్‌స్టేషన్‌లో ఒక ఫీడర్ (కరెంటు బయటికి తీసుకెళ్లే లైను) మీద ఎల్‌సీ, అంటే కరెంటు ఆపి పనిచేసుకోవడానికి లైన్ క్లియర్ అనుమతి, ఇచ్చి ఉంది, లైన్‌మన్ స్తంభం మీదున్నాడు. ఆ సంగతి లాగ్‌బుక్‌లో ఉంది గానీ నోటితో చెప్పలేదు. కరెంటు లేదని ఫోన్లు మోగుతున్నాయి. కొత్తగా ఎక్కినవాడు స్విచ్ వేస్తే ఏమవుతుందో ఆ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే ఎల్‌సీ పెండింగ్‌లో ఉంటే స్విచ్ హ్యాండిల్‌కు బోర్డు తగిలించి, తాళం వేసి, ఆ తాళంచెవి చేతికిచ్చి మరీ చెప్పాలి. వార్డులో అయితే నాలుగు ముక్కల్లో: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక ఏం జరిగింది, నా అంచనా ఏమిటి, తర్వాత ఏం చేయాలి. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి. మందు పేరు, మోతాదు, టైము వాళ్ల నోటితో వినేదాకా ఛార్జి మారినట్టు కాదు. మంచం దగ్గరే నిలబడి, డ్రిప్పు సీసా చూస్తూ, ఆక్సిజన్ మీటర్ చూస్తూ అప్పగించాలి. కౌంటర్ దగ్గర కేకు తింటూ అప్పగించినదాంట్లో సగం గాలికి పోతుంది.

24 మధ్యాహ్నంలోపు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. ఫార్మసీ, ల్యాబ్ త్వరగా మూసేస్తాయేమో, రెండు రోజులకు సరిపడా మందులున్నాయా, జనరేటర్‌లో డీజిల్ ఎంత, నిండు సిలిండర్లు ఎన్ని. ఆన్‌కాల్ లిస్టు గోడమీద ఉంటే చాలదు, ఆ నంబర్లకు ఒకసారి ఫోన్ చేసి మనిషి ఊళ్లో ఉన్నాడో లేదో కనుక్కోవాలి. అలంకరణ ముచ్చటగా ఉండొచ్చు గానీ తోరణాలు అగ్నిమాపక సిలిండర్‌నీ అత్యవసర ద్వారాన్నీ అలారం దీపాలనూ కప్పకూడదు. ఆక్సిజన్ నడిచే చోట కొవ్వొత్తి వెలిగించనే కూడదు, ఎంత భక్తితోనైనా సరే. పాటలు చెవిలో పెట్టుకుని వినడం కూడా వద్దు. మానిటర్ చప్పుడు వినపడాలి.

మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి తగ్గి, తల బరువెక్కి, కళ్లు తెరిచి ఉన్నా బుర్ర పనిచేయని వేళ వస్తుంది. ఇది భక్తి తక్కువై కాదు, శరీరం తీరే అంత. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతే "శరీరము బలహీనము" అన్నది ప్రభువే. అందుకు తగిన ఏర్పాటు ముందే చేసుకోవాలి: డ్యూటీకి ముందు మధ్యాహ్నం గంటన్నర నిద్ర, విరామంలో ఇరవై నిమిషాల కునుకు, అంతకు మించొద్దు. లేచిన వెంటనే మత్తు ఉంటుంది కాబట్టి పావుగంట దాకా ఇంజెక్షన్ మోతాదు లెక్కలు, స్విచింగ్ లాంటివి ముట్టుకోకూడదు, లేదా ఇంకొకరు సరిచూడాలి. టీ కాఫీలు షిఫ్టు మొదటి సగంలోనే తాగేయాలి. వాటి ప్రభావం సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, తెల్లవారి తాగితే పగటి నిద్ర పాడవుతుంది.

ఆ వేళకు సరిపోయే ప్రార్థన పొడుగ్గా ఉండనక్కర్లేదు. చేతులకు శానిటైజర్ రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. ప్రభువు నేర్పిన ప్రార్థనను తొందరపడకుండా మనసులో చెప్పుకుంటే ఇంచుమించు అంతే పడుతుంది. ప్రతి మంచం దగ్గరా ఒకసారి చెప్పుకుంటే చేతులూ శుభ్రమవుతాయి, ప్రతి రోగి కోసమూ ప్రార్థించినట్టవుతుంది. రౌండు తిరిగేటప్పుడు 121వ కీర్తనలోని ఒక్క మాట చాలు: "కునుకడు నిద్రపోడు." మనం కునుకుతాం, మనకు వంతులు కావాలి. వంతు లేకుండా కాచేవాడు ఆయన ఒక్కడే.

దూత ఇచ్చిన ఆనవాలు కూడా రాత్రి డ్యూటీవాళ్లు బాగా ఎరిగినదే: పొత్తిగుడ్డలతో చుట్టిన శిశువు. పసిపిల్లల వార్డులో ఆ రాత్రి కూడా అదే పని. పుట్టిన బిడ్డను వెంటనే తుడిచి, తడి గుడ్డ తీసేసి, పొడి గుడ్డతో చుట్టాలి. తడి గుడ్డలో వదిలేస్తే నిమిషాల్లో వేడి పోతుంది. తలకు టోపీ పెట్టాలి, కాళ్లు మడుచుకునేంత వదులు ఉంచాలి, ముఖం మీదికి గుడ్డ రాకూడదు. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటర్ పెట్టే ముందే చేతికి తెలుస్తుంది: పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టడం మొదలైనట్టు, రెండూ చల్లగా ఉంటే ఆలస్యమైనట్టు. తల్లి రొమ్ముకు ఆనించి పైన గుడ్డ కప్పడం కంటే మంచి వేడి ఇంకొకటి లేదు. మరియ "పొత్తిగుడ్డలతో చుట్టి" అని లూకా రాసినప్పుడు, ఆ చేతులు చేసింది ఈ పనే. అర్ధరాత్రి ఒక బిడ్డ పాదం అరచేతిలో పట్టుకుని చూసే నర్సు కూడా పశువుల తొట్టి దగ్గరే ఉంది.

షిఫ్టు దిగాక ఇంకో ప్రమాదం దారిలో ఉంటుంది. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలాగే పడిపోతుందని పరిశోధనలో తేలింది. 24 ఉదయం లేచి, రాత్రి డ్యూటీ చేసి, 25 పొద్దున బండి నడుపుకుంటూ ఆరాధనకు వెళ్లేవాడు ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటాడు. ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి, లేదా బస్సెక్కాలి. 25 రాత్రి కూడా డ్యూటీ ఉంటే, పొద్దున ఆరాధన అయ్యాక ఎవరింటికీ పోకుండా పడుకోవాలి. మధ్యాహ్నం విందుకు పిలిచినవాళ్లు నొచ్చుకున్నా సరే.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. బెసోరు వాగు దగ్గర అలసిపోయి ఆగిపోయిన 200 మంది సామాను కాశారు, 400 మంది దావీదుతో వెళ్లి గెలిచి వచ్చారు. ఆగినవాళ్లకు దోపుడు సొమ్ములో వాటా లేదని కొందరంటే దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవాడి భాగమెంతో సామాను దగ్గర నిలిచినవాడి భాగమూ అంతే అన్నాడు (1 సమూయేలు 30:24). డ్యూటీలో ఉన్న మనిషి వాటా తీసి పెట్టడమంటే మిగిలింది డబ్బాలో సర్దడం కాదు. వడ్డన మొదలవకముందే తీయాలి. పిల్లల కానుకలు ఆ మనిషి వచ్చాకే విప్పాలి.

రోస్టర్ వేసేవాళ్లకు కూడా అదే వచనం. పెళ్లికానివాళ్లకూ, కొత్తగా చేరినవాళ్లకూ, అడగలేనివాళ్లకూ ఏటా 24 రాత్రి రాసేయడం అన్యాయం. గత మూడేళ్లలో ఎవరు ఏ పండుగ చేశారో ఒక కాగితం మీద పెట్టుకుంటే వాదనలు చాలావరకు తగ్గుతాయి. మనవాళ్ల కోసం వేరే మతంవాళ్లు ఈ రాత్రి తీసుకుంటే, వాళ్ల పండుగ తేదీ అప్పుడే రాసిపెట్టి, వాళ్లు అడగకముందే ఆ వంతు మనం తీసుకోవాలి.

దూతలు వెళ్లాక కాపరులు బేత్లెహేముకు త్వరగా వెళ్లారు, శిశువును చూశారు. మంద దగ్గర ఎవరైనా ఉండిపోయారా అన్నది లూకా చెప్పలేదు. జాములు పంచుకున్నవాళ్లు కాబట్టి దానికీ ఒక వంతు వేసుకునే ఉంటారని అనుకోవాలనిపిస్తుంది. 20వ వచనంలో మాత్రం స్పష్టంగా ఉంది: వాళ్లు దేవుణ్ణి మహిమపరుస్తూ తిరిగి వెళ్లారు. వెళ్లింది పొలానికే అయి ఉంటుంది, ఇంకా తెల్లవారని ఆ జాములోకే.