1921 మార్చి: క్రోన్‌స్టాట్ నుంచి బెజవాడ దాకా

విజయవాడ బందరు రోడ్డులో ఇప్పుడు బాపు మ్యూజియంగా ఉన్న పాత విక్టోరియా జూబిలీ భవనం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నా మనసు మన ఊళ్ళో కాంగ్రెస్ సమావేశాలు జరిగిన 1921 మార్చి నెల మీదికి పోతుంది.

ఆ నెల మొదట్లో, రష్యాలో పెట్రోగ్రాడ్ నగరానికి చేరువలోని కోట్లిన్ దీవి మీది క్రోన్‌స్టాట్ నౌకాదళ కోటలో, ఒకప్పుడు విప్లవానికి ముందు వరుసలో నిలిచిన నావికులే లెనిన్ నడిపే బోల్షివిక్ ప్రభుత్వం మీద తిరగబడి, సోవియట్లకు, అంటే కార్మిక, సైనిక, రైతు ప్రతినిధుల సభలకు, రహస్య ఓటుతో మళ్ళీ ఎన్నికలు జరపాలని పట్టుబట్టారు. మంచులో కలిసిపోయేలా తెల్లని వస్త్రాలు కప్పుకున్న ప్రభుత్వపు ఎర్రసైనికులు గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిచి వెళ్ళి 18వ తేదీకి ఆ కోటను పట్టుకున్నారు. ఫిరంగి గుండ్లకు మంచు పగిలిన చోట్ల ఎందరో నీటిపాలయ్యారు. ఆ రోజుల్లోనే లెనిన్, రైతుల ధాన్యాన్ని బలవంతంగా లాక్కునే విధానాన్ని వదిలి పన్ను పద్ధతికి మారాడు. అంత రక్తం చిందాక వచ్చిన ఆ సడలింపు నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. అదే నెల 16న ఆ ప్రభుత్వానికి బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం, 18న పోలండ్‌తో యుద్ధాన్ని ముగించిన రీగా సంధి కుదిరాయి.

నెలాఖరున, 31న, మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై, జూన్ 30లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇళ్ళలో 20 లక్షల రాట్నాలు సమకూర్చాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య రాట్నం గుర్తుతో రూపొందించిన జెండాను గాంధీజీ చేతికి అందించింది ఆ సమావేశాల్లోనే.