ఎలిజబెత్ కాటన్ గిటార్

అమెరికన్ గాయని రియానన్ గిడెన్స్ 2015 నాటి ఆల్బమ్‌లో పాడిన ఒక పాట మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లి, కొన్నాళ్లుగా ఎలిజబెత్ కాటన్‌నే వింటున్నాను. ఉత్తర కరోలినాలోని కార్‌బరోలో పుట్టిన ఈ నల్లజాతి కళాకారిణిది ఎడమచేతివాటం. కుడిచేతివారి కోసం తీగలు కట్టిన గిటార్‌ను, ఆ వరుస మార్చకుండానే తిరగేసి పట్టుకోవడం వల్ల, మంద్ర స్వరాలను వేళ్లు, పాట వరుసను బొటనవేలు పలికించేవి. సాధారణంగా జరిగేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎవరూ నేర్పకుండా ఆమె సాధించిన ఈ పద్ధతిని తరువాతి జానపద గిటార్ వాద్యకారులు ఆమె పేరుతోనే పిలుచుకుంటున్నారు.

యవ్వనంలో చర్చివారి మాట మీద వాద్యాన్ని దాదాపుగా వదిలేసిన ఆమె, దశాబ్దాల తరువాత వాషింగ్టన్‌లో సంగీతజ్ఞులైన సీగర్ కుటుంబం ఇంట పనికి కుదిరినప్పుడు, అక్కడి గిటార్‌తో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఇంటి కుమారుడు మైక్ సీగర్ రికార్డు చేసిన తొలి ఆల్బమ్‌ను 1958లో ఫోక్‌వేస్ అనే రికార్డు సంస్థ విడుదల చేసేనాటికి ఆమెకు 60 ఏళ్లు దాటాయి.

అయితే ఘనతంతా సీగర్లకే ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు. సరుకుల రైలు గురించిన ఆమె ప్రసిద్ధ గీతం చిన్నతనంలోనే అల్లుకున్నది. 1957లో బ్రిటన్‌లో స్కిఫిల్ (జానపద, బ్లూస్, జాజ్ కలగలిసిన తేలికపాటి సంగీతం) గాయకులు దానిని పాడి పేరు తెచ్చుకున్నప్పుడు, రచయితలుగా వేరెవరి పేర్లో నమోదు కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. గ్రామీ పురస్కారం 1985లో గాని రాలేదు.

ఇప్పుడు ఆ తొలి ఆల్బమ్‌లోని బ్యాంజో (గిటార్ లాంటి తీగల వాద్యం) వరుసలను శ్రద్ధగా వింటున్నాను. ఆమె మొట్టమొదట చేతపట్టినది సోదరుడి బ్యాంజోనే.